జబ్బు నుంచి కోలుకుంటున్నాను: దాచిన సొమ్ము ఇంటి అప్పులో వేసేయనా, ఉంచుకోనా?

మెట్టుమెట్టుగా
సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నిద్ర పట్టక రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చాలా రోజులే ఉన్నాను. ఇంటికొచ్చి మూడు వారాలైంది. ప్రమాదం దాటింది కానీ స్నానం చేసి వస్తే గంటసేపు పడుకోవాల్సి వస్తోంది. పని మళ్లీ మొదలుపెట్టడానికి మూడు నెలలు పడుతుందని డాక్టర్ అంటున్నారు.

అసలు విషయం డబ్బు. మొత్తాలు చెప్పను, పాళ్లలో చెబుతాను. ఇంటి కోసం మొదట తీసుకున్న అప్పు 100 అనుకోండి. 20 ఏళ్లకు, 9 శాతం వడ్డీ. ఐదేళ్లు పూర్తయ్యాయి, ఒక్క వాయిదా కూడా తప్పలేదు. జీతం 100 అనుకుంటే అందులో వాయిదా 35, ఇల్లు గడవడానికి 45, మిగిలిన 20 దాచేదాన్ని. అలా దాచింది ఇప్పుడు తొమ్మిది వాయిదాలకు సరిపడా ఉంది. దాన్ని ఈ నెలలో అసలులో జమ చేయాలని రెండేళ్ల కిందటే అనుకున్నాను. కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అంటించుకున్నాను కూడా.

ఆసుపత్రిలో ఉన్న నెలకు పూర్తి జీతం వచ్చింది. ఇక రెండు నెలలు సగం, ఆ తర్వాత సున్నా. మందులకీ పరీక్షలకీ నెలకు జీతంలో 8 పాళ్లు పోతోంది. ఇంట్లో అమ్మా నేనే. సంపాదన నాదొక్కదానిదే.

ప్రశ్న: అనుకున్నట్టు ఆ సొమ్ము అప్పులో వేసేయనా? లేక ఉంచుకోనా? వేయకపోతే రెండేళ్లు దాచిందంతా మందులకీ ఇంటికీ కరిగిపోతుందేమోనని భయం. ఇంకో ఆలోచన కూడా ఉంది. వచ్చే నెల నుంచే ఇంట్లోంచి కొంచెం కొంచెం పని మొదలుపెడితే?

---

వాయిదా_వైరి
మంగళవారం, ఉదయం 6:10

వేసేయండి మేడం. నేనైతే క్షణం ఆలోచించను. మీ అంకెలు వేసి చూశాను. ఇంకా 180 వాయిదాలున్నాయి. తొమ్మిది వాయిదాల సొమ్ము ఇప్పుడు అసలులో వేస్తే మిగిలేది 149 చిల్లర. అంటే తొమ్మిది ఇచ్చి 30 పైన తప్పించుకుంటారు. ఇంత లాభం ఎక్కడా రాదు. జబ్బు ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. అప్పు పోదు, మనం పడుకున్నా అది పడుకోదు.

---

రెండో_ఇన్నింగ్స్
మంగళవారం, ఉదయం 9:34

డబ్బు లెక్క తెలిసినవాళ్లు చెబుతారు. నేను మీ చివరి ప్రశ్నకే జవాబిస్తాను, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

నాది వేరే జబ్బు, వెన్నెముక ఆపరేషన్. పది వారాలు పడుకోమన్నారు. ఆరో వారంలోనే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను, కారణం మీదే, ఇంటి వాయిదా. ‘రోజుకు రెండు గంటలే కదా’ అనుకున్నాను. రెండు నాలుగయ్యాయి. తొమ్మిదో వారంలో మళ్లీ కదల్లేని స్థితి. మొదటి పది వారాలకు ఇంకో పద్నాలుగు కలిశాయి. ఆ నాలుగు వారాల్లో సంపాదించింది ఒక వాయిదాకు కూడా చాలలేదు. పోగొట్టుకున్నది మూడు నెలల జీతం.

సెలవులో ఉండి పనిచేస్తే సగం జీతం ఇచ్చేవాళ్లు ‘మరి ఆరోగ్యంగానే ఉన్నారుగా’ అనే ప్రమాదమూ ఉంది. సెలవు నియమాలు చదవకుండా మెయిల్ కూడా పంపకండి.

---

లెక్కల_పిచ్చోడు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

వైరి గారి అంకె తప్పు కాదు. పోలికే తప్పు.

ఆయన పోల్చింది ‘ఇప్పుడు వేయడం’, ‘ఎప్పటికీ వేయకపోవడం’. అక్క ముందున్న దారులు అవి కావు. ‘ఇప్పుడు వేయడం’, ‘ఆరు నెలల తర్వాత వేయడం’, ఈ రెండే. ఆరు నెలలు ఆలస్యమైతే ఆ సొమ్ము మీద పడే వడ్డీ నాలుగున్నర శాతం చిల్లర. తొమ్మిది వాయిదాల్లో అంత అంటే ఒక వాయిదాలో 0.41 వంతు. సగం కూడా కాదు. ఆ సొమ్ము బ్యాంకులో ఏడాదికి 4 శాతం తెచ్చిపెట్టినా నికరంగా పోయేది పావు వాయిదా. చేతిలో డబ్బు ఉంచుకోవడానికి పావు వాయిదా అద్దె కడుతున్నారనుకోండి. నా దృష్టిలో ఇంతకంటే చవకైన బీమా లేదు.

ఇప్పుడు అటు వైపు చూడండి. సొమ్మంతా అసలులో వేసేశారు, రెండు నెలల తర్వాత జీతం ఆగింది, చేతిలో ఏమీ లేదు. అసలులో వేసింది తిరిగి అడిగితే ఇవ్వరు. అప్పుడు క్రెడిట్ కార్డు గీకాలి. దాని వడ్డీ నెలకు 3 శాతమైతే చక్రవడ్డీతో ఏడాదికి 42 దాటుతుంది. 9 శాతం అప్పు తీర్చడానికి 42 శాతం అప్పు చేసినట్టు.

మీ సొమ్ము ఎన్నాళ్లొస్తుందో కూడా చూశాను. సగం జీతం నెలల్లో ఖర్చు 88 (వాయిదా 35, ఇల్లు 45, మందులు 8), రాబడి 50, లోటు 38. రెండు నెలలకు 76. మీ దగ్గరున్నది తొమ్మిది వాయిదాలు, అంటే 315 పాళ్లు. పోగా 239. తర్వాత నెలకు 88 చొప్పున రెండు నెలల ఇరవై రోజులు. మొత్తం నాలుగున్నర నెలల పైచిలుకు.

డాక్టర్ మూడు నెలలన్నారు. నేను ఎప్పుడూ ఇలాంటి అంచనాకు సగం కలుపుతాను. నాలుగున్నర. సరిగ్గా అంతే ఉంది మీ దగ్గర. ఇందులోంచి ఒక్క వాయిదా కూడా తీసి ఎక్కడా పెట్టకండి.

---

వాయిదా_వైరి
మంగళవారం, సాయంత్రం 5:05

> పోలికే తప్పు

సరే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. ఉంచుకున్న సొమ్ము ఉంచుకున్నట్టే ఉంటుందా? నా అనుభవంలో ఉండదు. చేతికందే చోట ఉంటే ఏదో ఒకటి వచ్చి తినేస్తుంది. అసలులో వేస్తే కనీసం దానికి కాళ్లుండవు. లెక్కలో మనిషి స్వభావం కనిపించదు తమ్ముడూ.

---

లెక్కల_పిచ్చోడు
మంగళవారం, సాయంత్రం 5:41

అది నిజమే అన్నా. అందుకే విడి ఖాతా, కార్డు లేని ఖాతా. నెల మొదటి రోజున ఆ నెల లోటు మాత్రమే ఇంటి ఖాతాలోకి వచ్చేట్టు పెట్టుకోవాలి. మనకి మనమే జీతం ఇచ్చుకున్నట్టు.

---

తలుపు_దగ్గర
మంగళవారం, రాత్రి 10:15

నేను రోగిని కాను, రోగి పక్కన ఉన్నదాన్ని. మావారు నాలుగు నెలలు మంచం మీదున్నారు. ఇక్కడ ఎవరూ రాయని ఒక చిన్న విషయం చెబుతాను.

ఓటీపీ.

అన్ని ఖాతాలూ ఆయన నంబరుకే. ఆయనేమో మందుల మత్తులో నిద్ర. ఫోన్ తలగడ కింద మోగుతుంటే నేను లేపాలా వద్దా అని నిలబడేదాన్ని. లేపితే విసుక్కునేవారు, లేపకపోతే బిల్లు గడువు దాటేది. ఆ వేళ్లేమో వాచి ఉండి వేలిముద్ర తీసుకునేది కాదు. నవ్వొస్తుంది ఇప్పుడు, అప్పుడు ఏడుపొచ్చేది.

పైగా ఆయన ఏ అప్పు ఎక్కడుందో చెప్పేవారు కాదు, ‘నువ్వు కంగారు పడతావు’ అని. తెలియకపోవడం వల్లే నేను కంగారు పడ్డాను. ఒకరోజు ఉత్తరం వస్తే తెలిసింది, ఒక వాయిదా వెనక్కి వెళ్లిందని. ఖాతాలో డబ్బు లేక కాదు. ఒక ఖాతాలో నిండుగా ఉంది, వాయిదా పోయే ఖాతాలో లేదు. అంతే.

అమ్మగారికి చెప్పండి. కంగారు పడినా చెప్పండి. ఒక కాగితం మీద ఏ తేదీన ఏది ఎక్కడి నుంచి పోతుందో రాసి ఇవ్వండి. పాస్‌వర్డ్‌లు అక్కర్లేదు. తేదీలు చాలు. కొన్నాళ్లు మీ తరఫున బ్యాంకు పని ఎవరైనా చూడాల్సి వస్తే దానికి అధికార పత్రం ఉంటుంది. ఏ పనికి, ఎన్నాళ్లకు అన్నది అందులో రాసి పరిమితం చేసుకోవచ్చు.

---

మెట్టుమెట్టుగా
బుధవారం, ఉదయం 11:03

అందరివీ చదివాను. మధ్యలో రెండుసార్లు పడుకుని చదివాను, అందుకే ఆలస్యం.

లెక్కల గారూ, నాలుగున్నర నెలలు అని చూశాక మొదట గుండె జారింది, తర్వాత కుదుటపడింది. ఇన్నాళ్లూ నా తలలో ఉన్నది ‘డబ్బు అయిపోతుంది’ అనే ఒక్క మాట. ఎప్పుడు అయిపోతుందో తెలిశాక అది కేవలం ఒక తేదీ అయింది.

రెండో ఇన్నింగ్స్ గారూ, నిన్న మధ్యాహ్నం మా టీమ్‌కి ఒక మెసేజ్ టైప్ చేసి పెట్టుకున్నాను. మీది చదివి చెరిపేశాను.

తలుపు దగ్గర అక్కా, అమ్మకి ఇవాళ చెబుతాను. ఆమె నా మాత్రలను డబ్బాలో పొద్దునవీ రాత్రివీ విడదీసి పెడుతోంది. తేదీల కాగితం ఆమెకో లెక్క కాదు.

ఒక సందేహం. వాయిదాలు కొన్ని నెలలు ఆపమని అడగొచ్చా? ఆపితే మంచిదా? ఒక తెలిసినాయన ‘ఆరు వాయిదాలు ఆపితే పంతొమ్మిది ఎక్కువ కట్టాలి, ఆ వలలో పడకు’ అన్నారు.

---

లెక్కల_పిచ్చోడు
బుధవారం, మధ్యాహ్నం 2:48

ఆ పంతొమ్మిది అంకె నిజమే, అయితే సగం కథే. కాస్త పొడుగ్గా రాస్తాను.

ఐదేళ్లు కట్టాక మీ బాకీ ఎంతో చూశారా? 100లో 88.7. ఐదేళ్లలో తగ్గింది 11 చిల్లర. ఎందుకంటే మొదటి వాయిదాలో 83 శాతం వడ్డీకే పోయింది. ఇప్పటికీ మీ వాయిదాలో దాదాపు 74 శాతం వడ్డీ, 26 శాతమే అసలు.

ఆరు నెలలు పూర్తిగా ఆపితే ఆ వడ్డీ అసలులో కలిసి బాకీ 92.8 అవుతుంది. తర్వాత అదే వాయిదా కడుతూ పోతే 180కి బదులు దాదాపు 199. మీ తెలిసినాయన చెప్పింది ఇదే.

వడ్డీ మాత్రం కట్టి అసలు ఆపితే? బాకీ అక్కడే ఉంటుంది. ఆరు నెలల వడ్డీ అదనంగా పోతుంది, అంటే దాదాపు నాలుగున్నర వాయిదాల సొమ్ము. పంతొమ్మిదికీ నాలుగున్నరకీ ఎంత తేడా!

కానీ ఆగండి. పంతొమ్మిది అనేది ‘ఆపి, ఆ తర్వాత మర్చిపోతే’ వచ్చే అంకె. ఆరు నెలలు ఆపి, జీతం మొదలయ్యాక 6.1 వాయిదాల సొమ్ము ఒకేసారి వేస్తే పాత దారిలోకి వచ్చేస్తారు. అంటే ఆపినందుకు నిజంగా అయ్యే ఖర్చు 0.11 వాయిదా. పంతొమ్మిది పుట్టేది ఆపినందుకు కాదు, ఆ లోటును పదిహేనేళ్లు మోసినందుకు. ఒకేసారి వేయలేకపోతే ఏడాదీ రెండేళ్లలో విడతలుగా వేసినా చాలావరకు తగ్గుతుంది.

నేను పదేపదే చెప్పే మాట ఒకటుంది, వైరి అన్నకి నచ్చదు. మామూలు మనిషికి దొరికే అప్పుల్లో ఇంటి అప్పే చవక. నిజంగా డబ్బు అవసరమైనప్పుడు దాన్నే కాస్త లాగాలి, కార్డునీ చేబదుళ్లనీ కాదు. తాకట్టు ఉన్న అప్పు కాబట్టి చెప్పకుండా మాత్రం ఎగ్గొట్టకూడదు. అడిగి ఆపడం వేరు, ఎగ్గొట్టడం వేరు.

ఇంకో దారి చూపిస్తారు, కాలం పెంచుకోమని. మీకు మిగిలిన 15 ఏళ్లను 20 చేస్తే వాయిదా తగ్గేది 11 శాతం మాత్రమే. ఐదేళ్ల చాకిరీకి 11 శాతం ఊరట. నాకది ఇష్టం లేదు.

---

వాయిదా_వైరి
బుధవారం, మధ్యాహ్నం 3:30

నచ్చదు. కానీ తప్పు పట్టలేకపోతున్నాను.

ఒకటి జోడిస్తాను. కొన్ని చోట్ల ఇంటి అప్పుకు ముడిపెట్టిన ఖాతా ఇస్తారు. అందులో ఉంచిన సొమ్ము మేరకు వడ్డీ తగ్గుతుంది, కావాలంటే తిరిగి తీసుకోవచ్చు. వడ్డీ రేటు మామూలు దానికంటే కొంచెం ఎక్కువ ఉండొచ్చు. ముందే ఇది తీసుకుని ఉంటే మేడంకి ఈ చిక్కే లేదు. నేనూ కట్టడమే తెలిసి ఇది తీసుకోలేదు. మా తమ్ముడు తీసుకున్నాడు, వాడిని చూసి కుళ్లుకుంటున్నాను.

---

బీమా_గుమస్తా
బుధవారం, రాత్రి 8:22

పదిహేనేళ్లు క్లెయిమ్ కాగితాలు చూశాను, ఇప్పుడు మానేశాను. కాబట్టి నిజం చెప్పగలను.

అప్పుతో పాటు ఒక పాలసీ అంటగట్టి ఉంటారు. ‘మీకేమైనా అయితే అప్పు మాఫీ’ అని చెప్పి ఉంటారు. అందులో ‘ఏమైనా’ అంటే చాలాసార్లు మరణమే. జబ్బుకు వర్తించాలంటే దానికి విడిగా రైడర్ (పాలసీకి జోడించుకునే అదనపు రక్షణ) ఉండాలి. తీసి చదవండి, ఆశ పెట్టుకోకండి, కానీ చదవకుండా వదిలేయకండి.

రెండోది, తీవ్ర వ్యాధుల పాలసీ. అందులో జబ్బుల జాబితా ఉంటుంది, జాబితాలో ఉంటే ఒకేసారి మొత్తం ఇస్తారు. బిల్లులతో పనిలేదు. మీ ఇన్ఫెక్షన్ అందులో ఉండకపోవచ్చు.

మూడోది, ఆదాయం ఆగితే నెలనెలా ఇచ్చే పాలసీ. ఉన్నవాళ్లు తక్కువ. ఉన్నా మొదటి కొన్ని వారాలు ఇవ్వరు, ఆ నిరీక్షణ కాలం ఎంతో చూసుకోవాలి.

ఇక జనం వదిలేసేది. ఆసుపత్రి బీమా చాలా వాటిలో ఇంటికొచ్చాక కొన్నాళ్ల మందులు, పరీక్షలు కూడా వస్తాయి. దానికి గడువుంటుంది. మీరు నెలకు 8 పాళ్లు పెడుతున్నది బహుశా ఇందులోకే రావాలి. బిల్లులు, డాక్టర్ చీటీలు, డిశ్చార్జ్ సమ్మరీ. ప్రతి మందుకీ చీటీ ఉండాలి. చీటీ లేని బిల్లును నేనే ఎన్నోసార్లు తిప్పి పంపాను, పాపం అనిపిస్తూనే.

---

వెన్నెల_మేడ (నిర్వాహకులు)
బుధవారం, రాత్రి 8:40

ఊపిరితిత్తులకు మందులూ చిట్కాలూ సూచిస్తూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఇది డబ్బు విభాగం. అవి డాక్టర్‌కి వదిలేద్దాం.

---

అద్దెగది
గురువారం, ఉదయం 7:55

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. నాకింకా ఇల్లు లేదు. అప్పు తీసుకునే ముందు మన వంతు కట్టాల్సిన సొమ్ము కోసం నాలుగేళ్లుగా దాస్తున్నాను. మూడొంతులు అయ్యింది. ఇప్పుడు కామెర్లతో ఇంట్లో ఉన్నాను, నెలన్నర జీతం పోయేలా ఉంది. ఆ సొమ్ములో సగం షేర్ల ఫండ్లలో ఉంది, మొన్న బాగా పడిపోయింది. వచ్చే ఏడాదే కొనాలనుకున్నాం. ఫండ్లు అమ్మి ఇంట్లో ఖర్చు పెట్టాలా? చచ్చేంత బాధగా ఉంది.

---

లెక్కల_పిచ్చోడు
గురువారం, ఉదయం 10:10

ఫండ్లలో లేని సగం ఉందిగా తమ్ముడూ? నెలన్నరకి అది వాడు. పడినప్పుడు అమ్మితే నష్టం ఖాయం చేసుకున్నట్టే.

కానీ రెండో మాట కాస్త చేదు. ఏడాదిలో కావాల్సిన సొమ్ము సగం షేర్లలో ఉండటమే పొరపాటు. రెండు మూడేళ్లలో కావాల్సింది ఎప్పుడూ కదలని చోట ఉండాలి. జబ్బు రాకపోయినా ఇది నిన్ను పట్టుకునేదే.

కొనడం ఆరు నెలలు జరుపు. అప్పు ఇచ్చేవాళ్లు ఇటీవలి నెలల జీతం చీటీలే అడుగుతారు. మధ్యలో రెండు సున్నాలు ఉంటే తక్కువ అప్పిస్తారు, లేదా ప్రశ్నలు వేస్తారు. కోలుకుని, జీతం వరుసగా కొన్ని నెలలు పడ్డాక అడుగు.

---

అద్దెగది
గురువారం, ఉదయం 10:31

చేదే. కానీ థ్యాంక్స్ అన్నా. మా ఆవిడకి చూపించాను, ‘నేను చెప్తే వినలేదుగా’ అంది.

---

రాత్రి_డ్యూటీ
గురువారం, సాయంత్రం 4:44

నేను నర్సుని. నిర్వాహకులు కంగారు పడకండి, మందులు చెప్పను.

పెద్ద జబ్బు తర్వాత ఒంటితో పాటు తలా అలసిపోతుంది. చదివిన పేరానే మళ్లీ చదువుతారు, అంకెలు తారుమారవుతాయి. చాలామందికి కొన్ని వారాలు ఉంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఆ స్థితిలో, అదీ రాత్రి పన్నెండింటికి, తిరిగి తీసుకోలేని డబ్బు నిర్ణయం చేయకండి. మొదటి పోస్టు టైం చూసి అందుకే ఇది రాస్తున్నాను 🙂

ఒంట్లో ఓపిక బాగున్న పూట ఒకటి ఉంటుంది, చాలామందికి పొద్దున. ఆ పూట ఇరవై నిమిషాలు, ఒక్క పని. ఇవాళ బీమా కాగితం, ఎల్లుండి బ్యాంకు ఫోన్. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మూడో రోజు లేవలేరు. ఓపిక బాగున్న రోజున అన్నీ చేసేసి మర్నాడు కూలబడటం నేను రోజూ చూస్తాను.

---

మెట్టుమెట్టుగా
రెండు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 10:20

చేసినవి చెబుతాను.

సొమ్ము అసలులో వేయలేదు. కార్డు లేని ఖాతాలోకి మార్చాను. అల్మారా తలుపు మీద కాగితం తీయలేదు, దాని మీద తేదీ కొట్టేసి ఏమీ రాయకుండా వదిలాను.

బ్యాంకుకి ఫోన్. మొదటి రోజు నలభై నిమిషాలు సంగీతం వినిపించి లైన్ కట్ అయింది. ఆ రోజంతా పడుకున్నాను. రెండోసారి ముందే రాసి పెట్టుకున్న నాలుగు వాక్యాలు చదివాను: ‘ఇప్పటిదాకా ఒక్క వాయిదా తప్పలేదు. అనారోగ్యం వల్ల రెండు నెలల తర్వాత జీతం ఆగుతుంది. ఆ తర్వాత మూడు నెలలు వడ్డీ మాత్రమే కట్టే వీలుందా? ఇస్తే నా క్రెడిట్ రికార్డులో ఏమని నమోదవుతుంది?’ చివరి ప్రశ్నకి ఆ అమ్మాయి తడబడింది, పైవాళ్లని అడిగి చెప్పింది. జవాబు మెయిల్‌లో పంపమన్నాను. వాయిదా తప్పకముందే అడగడం మంచిదైందని ఆమే అంది.

పూర్తిగా ఆపమని అడగలేదు. చవకే అని లెక్కల గారు నిరూపించారు. కానీ జీతం మొదలవగానే ఆరు వాయిదాలు ఒకేసారి వేసే శక్తి నాకుంటుందన్న నమ్మకం లేదు. వడ్డీ కడుతూ ఉంటే బాకీ పెరగదు. నాకు రాత్రి నిద్ర కావాలి.

---

లెక్కల_పిచ్చోడు
ఆదివారం, ఉదయం 11:02

నిద్రకి నా దగ్గర ఫార్ములా లేదు అక్కా. సరైన పనే చేశారు.

---

తలుపు_దగ్గర
ఆదివారం, మధ్యాహ్నం 12:15

అమ్మగారికి చెప్పారా?

---

మెట్టుమెట్టుగా
ఆదివారం, మధ్యాహ్నం 12:40

చెప్పాను. అంతా విని, ‘ఇంతేనా? నువ్వు మొహం అలా పెట్టుకుంటే ఇంకేదో జబ్బు దాస్తున్నావనుకున్నా’ అంది.

---

మెట్టుమెట్టుగా
మూడున్నర నెలల తర్వాత, శనివారం, ఉదయం 9:15

పాత చర్చను పైకి తెస్తున్నందుకు క్షమించండి. ఇలాంటి చర్చలు చివర ఏమైందో తెలియకుండానే ఆగిపోతాయి, నాకది చిరాకు.

వడ్డీ మాత్రమే కట్టడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నట్టు మెయిల్ కూడా వచ్చింది. అయినా మొదటి నెల ఆటో డెబిట్ పూర్తి వాయిదానే లాక్కుంది! ఒక విభాగం చెప్పింది ఇంకో విభాగానికి తెలియదట. మూడు వారాలు పట్టింది సర్దడానికి. ఎవరైనా ఈ దారిలో వెళ్తే ఆ నెల వాయిదా తేదీకి వారం ముందు మళ్లీ ఫోన్ చేసి అడగండి, ఖాతాలో పూర్తి వాయిదాకి సరిపడా ఉంచండి. నా దగ్గర సొమ్ము ఉంది కాబట్టి అది తలనొప్పిగానే మిగిలింది. అదంతా అసలులో వేసేసి ఉంటే ఆ నెల వాయిదా వెనక్కి వెళ్లేది.

అప్పుతో వచ్చిన పాలసీ, గుమస్తా గారు అన్నట్టే, నేను బతికి ఉన్నంతకాలం పనికిరాదు. ఆసుపత్రి బీమాలో మాత్రం ఇంటికొచ్చాక అయిన ఖర్చులు చాలావరకు వచ్చాయి. రెండు బిల్లులు తిప్పి పంపారు, చీటీ లేదని. మీరే పంపి ఉంటారేమో అనుకుని నవ్వుకున్నాను.

జీతం సున్నా అయిన నెల ఒక్కటే గడిచింది. తర్వాత సగం రోజుల పని, సగం జీతం, డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే. తొమ్మిది వాయిదాల సొమ్ములో అయిదుకు కాస్త తక్కువ మిగిలింది. పై నెల నుంచి పూర్తి వాయిదా మొదలు.

మొదట కట్టేది అసలులో కాదు. ఈ సొమ్మును మళ్లీ తొమ్మిదికి తేవాలి. అప్పటిదాకా ముందస్తు చెల్లింపు లేదు.

---

బీమా_గుమస్తా
శనివారం, ఉదయం 9:50

నేను మానేసి మూడేళ్లైంది తల్లీ, అది నేను కాదు. ఆ రెండు బిల్లులకీ డాక్టర్ దగ్గర తేదీతో కొత్త చీటీ రాయించి మళ్లీ పంపు. గడువు దాటకపోతే చూస్తారు.

---

వాయిదా_వైరి
శనివారం, ఉదయం 10:05

తొమ్మిదికి వచ్చాక? అల్మారా తలుపు మీద తేదీ ఖాళీగానే ఉందా?

---

మెట్టుమెట్టుగా
శనివారం, ఉదయం 10:22

ఖాళీగానే ఉంది. మీరు వదలరని తెలుసు. నిన్న మేడ మీదికి పద్నాలుగు మెట్లు ఎక్కాను, మధ్యలో ఒక్కసారే ఆగాను. ఆగకుండా ఎక్కిన రోజు పెన్ను తీస్తాను.